నలభై మిల్లీ సెకన్ల మొహమాటం

ఒకటి పాయింట్ సున్నా ఒకటి.

కంప్యూటర్ తెర మీద ఆ అంకె దగ్గర డిటెక్టివ్ వేలు ఆగిపోయింది. నిన్న సాయంత్రం నాలుగూ పదికి, అరవై కిలోల ఇనుప గుండు అయిదు మీటర్ల ఎత్తు నుంచి కింద పడటానికి పట్టిన సమయం అది, సెకన్లలో. నాలుగున్నరకి తలుపు తీసి చూస్తే గుండు పక్కన మనిషి శవం ఉంది.

మొన్నటి అంకె ఒకటి పాయింట్ సున్నా అయిదు. అటు మొన్నదీ అంతే. వేలితో తెరని తోసుకుంటూ వెనక్కి పోయాడు. నెలలు దాటాయి, ఏళ్ళు దాటాయి. రోజూ అదే గుండు, అదే ఎత్తు, అదే సున్నా అయిదు. నిన్న ఒక్కరోజే సున్నా ఒకటి. నలభై మిల్లీ సెకన్లు తగ్గాయి. రెప్పపాటులో సగం కూడా కాదు.

ఆ సగం రెప్పపాటు మీద ఒక మనిషి జైలుకి పోవడమో ఇంటికి పోవడమో తేలాలి. ఆ మనిషి బల్లకి అవతల చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మీట నొక్కే ఆపరేటర్. చనిపోయినాయన ఆమెకి స్వయానా మామగారు. ఆమె నిర్లక్ష్యమే కారణమని పోలీసు రిపోర్టు తయారైపోయింది. ఆరు గంటలకి సంతకం పడుతుంది. గోడ మీద టైము మూడూ యాభై.

అది లిఫ్టు బ్రేకుల్ని పరీక్షించే లాబొరేటరీ. భవనం మధ్యలో, చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత ఇరుకైన నిలువు గది ఒకటుంది. అందరూ దాన్ని బావి అంటారు. పైన విద్యుదయస్కాంతం గుండుని పట్టుకుని ఉంటుంది. పక్క గదిలో మీట నొక్కితే కరెంటు పోయి గుండు పడుతుంది, గడియారం మొదలవుతుంది. కింద మందపాటి రబ్బరు దిండు అడుగున ఉన్న సెన్సరు దెబ్బ తగలగానే గడియారాన్ని ఆపుతుంది. రోజూ నాలుగూ పదికి ఒకసారి ఉత్త గుండుని పడేసి గడియారం సరిచూసుకుని, నాలుగున్నరకి బ్రేకు తగిలించి అసలు పరీక్ష చేస్తారు. బావి పనంతా చనిపోయినాయనదే. తల నిండా ఒత్తుగా జుట్టున్నా ఆయన్ని అందరూ గుండు మేస్త్రి అనే పిలిచేవారు.

మీట నొక్కేముందు ఏం జరిగిందని డిటెక్టివ్ అడిగాడు. ఆమె చెప్పింది. గుండు పైకెక్కించాక మేస్త్రి బయటికొచ్చి, తలుపు వేసి, తలుపు పక్కనున్న మైకులో “ఖాళీ” అంటాడు. ఇవతల ఈమె కూడా “ఖాళీ” అని నొక్కుతుంది. తలుపు పడితే తప్ప మీట పనిచెయ్యదు. తలుపు వేసినవాళ్ళే ఆ మాట అనాలి. ఇన్నేళ్ళలో ఆ పద్ధతి ఒక్కరోజు తప్పలేదు.

“నిన్న అన్నది ఆయన గొంతేనా?”

“పదేళ్ళుగా వింటున్న గొంతండీ. ఇంట్లో టీ గ్లాసు ఖాళీ అయినా అదే గొంతుతో అంటారు.” నవ్వబోయి ఆగిపోయింది. “కానీ నేను లేచి వెళ్ళి చూళ్ళేదు సార్. నాలుగడుగులు. వెళ్ళి చూసుంటే... మామయ్యగార్ని నేనే చంపాననిపిస్తోంది. మా ఆయన పొద్దుట్నుంచీ నాతో మాట్లాడట్లేదు.”

నొక్కిన తరవాత గుండు పడిన చప్పుడు విన్నది. మామగారు మామూలుగా మళ్ళీ లోపలికి వెళ్ళి బ్రేకు బిగిస్తారు కాబట్టి ఎదురుచూస్తూ కూర్చుంది. నాలుగున్నరైనా పిలుపు రాకపోతే వెళ్ళి తలుపు తీసింది. గుండు పడిన చప్పుడు తప్ప బావిలో మాటేదీ బయటికి రాదు. ఆ ఇరవై నిమిషాల్లో వరండాలోకి ఎవరు వచ్చారో, ఎవరు వెళ్ళారో ఆమెకి తెలియదు.

నిన్న పొద్దున్న మామా కోడళ్ళు గొడవపడ్డారట కదా అన్నాడు డిటెక్టివ్. ఆమె తల దించుకుంది. స్టోరు గదిలో ఆయనకి ఏదో పాత కాగితం దొరికింది. లిఫ్టు కేసులో వచ్చే వారం కోర్టుకి ఇచ్చేస్తానన్నాడు. మన ఉద్యోగాలు ఏమవుతాయని ఈమె అరిచింది.

లిఫ్టు కేసు అన్న మాట వినగానే డిటెక్టివ్ చేతిలో పెన్ను ఆగింది. నాలుగేళ్ళ క్రితం ఒక అపార్టుమెంటులో లిఫ్టు తెగిపడి ఇద్దరు పోయారు. ఆ బ్రేకు పదకొండేళ్ళ క్రితం ఇక్కడే పరీక్షలో నెగ్గింది. ఆ పరీక్ష కాగితం మీద కింద ఎడమవైపు ఉన్న సంతకం అతనిదే. అప్పట్లో అతను ఇక్కడ ఇంజినీరు.

“కాగితం ఎక్కడుందమ్మా?”

“చెప్పలేదు సార్. ఎవరికీ కనపడని చోట పెట్టాను, దాని పని అది చేసుకుంటూ ఉంటుందిలే అన్నారు. కోర్టుకి ఇచ్చేముందు ఆయనకీ ఒక మాట చెప్పాలి కదా, బాగుండదు అని ఎవరికో ఫోన్ కూడా చేశారు.”

“ఎవరికి?”

ఆమె తల అడ్డంగా ఊపింది. అప్పుడే తలుపు దగ్గర దగ్గు వినిపించింది.

“కానివ్వండి అన్నగారూ. నేనేం అడ్డం రాను.”

పోలీసు సాంకేతిక విభాగం నిపుణుడు. రిపోర్టు మీద ఆరింటికి సంతకం పెట్టబోయేది అతనే. ఒకప్పుడు ఇదే లాబొరేటరీలో డిటెక్టివ్ పక్క బల్ల అతనిది. అంతకన్నా ఇబ్బంది ఏమిటంటే, ఇద్దరి భార్యలూ అక్కాచెల్లెళ్ళు. ఒకే ఇంటి అల్లుళ్ళు. పండగకీ పబ్బానికీ పక్కపక్క విస్తళ్ళ ముందు కూర్చుని, పోటీపడి నవ్వుకునే తోడల్లుళ్ళు.

రిపోర్టులో తప్పేముందో చెప్పమన్నాడు తోడల్లుడు. డిటెక్టివ్ తెర మీద అంకె చూపించాడు. అతను దానికోసమే చూస్తున్నట్టు కుర్చీ లాక్కున్నాడు.

“మీరు పెట్టిన పేరే అన్నగారూ, మర్చిపోయారా? మొహమాటం.”

డిటెక్టివ్ మర్చిపోలేదు. కరెంటు తీసేసిన మరుక్షణం అయస్కాంతం గుండుని వదిలెయ్యాలి. వదలదు. ఇనుములో శక్తి కాస్త మిగిలిపోయి ఇంకో నలభై మిల్లీ సెకన్లు పట్టుకునే ఉంటుంది. వెళ్ళొస్తానన్న చుట్టాన్ని గుమ్మంలో ఇంకాసేపు నిలబెట్టినట్టు. పుస్తకం ప్రకారం ఒకటి పాయింట్ సున్నా ఒకటి రావలసిన పతనం అందుకే ఇక్కడ రోజూ సున్నా అయిదు చూపిస్తుంది. పదకొండేళ్ళ క్రితం అతనే నవ్వుతూ ఆ పేరు పెట్టాడు. పనివాళ్ళందరికీ నోటికి పట్టేసింది. కాగితాల మీదకి మాత్రం ఎక్కలేదు.

తోడల్లుడు వేళ్ళ మీద లెక్క చెప్పాడు. నిన్న వచ్చిన సమయంలోంచి మొహమాటం తీసేస్తే మిగిలేది సున్నా పాయింట్ తొంభై ఏడు. ఆ సమయంలో గుండు నాలుగు మీటర్ల అరవై రెండు సెంటీమీటర్లే పడుతుంది.

“మిగతా ముప్పై ఎనిమిది సెంటీమీటర్లూ ఎవరు మింగేశారు? అక్కడ మేస్త్రి ఉన్నాడు. బోర్లా వంగి దిండు తుడుస్తున్నాడు. ఈ అమ్మాయి చూసుకోకుండా నొక్కేసింది. లెక్క మీదే. నేను కూడిక, తీసివేత చేశానంతే.”

లెక్కలో తప్పు లేదు. డిటెక్టివ్‌కి అది తెలుసు. పదకొండేళ్ళ క్రితం కాగితం మీదకి ఎక్కని నలభైని ఇవాళ తోడల్లుడు ఒక ఆడకూతురి మెడకి చుడుతున్నాడు.

“నేను బావి చూడాలి,” అన్నాడు లేస్తూ.

దిండు మధ్యలో గుండు పడిన చోట నూనె మరక గుండ్రంగా, ఎక్కడా చెదరకుండా ఉంది. నెత్తురంతా అంచు మీదే. అది పదకొండేళ్ళ మరక అని తోడల్లుడు కొట్టిపారేశాడు. గొలుసు గ్రీజుతో నల్లగా, జిడ్డుగా వేలాడుతోంది. దాని చివరనున్న ఇనుప కొక్కెం మాత్రం కడిగిన గరిటెలా మెరుస్తోంది. డిటెక్టివ్ దాన్ని ముట్టుకోకుండా చూసి ఊరుకున్నాడు. నిన్న గుండుని పక్కకి తియ్యడానికి పోలీసులు దాన్ని మళ్ళీ అయస్కాంతానికే ఎక్కించేశారు. అది ఇప్పుడు తల మీద నల్లగా నిలబడి ఉంది.

దాని పని అది చేసుకుంటూ ఉంటుంది.

మేస్త్రి మాట అప్పుడు చురుక్కుమంది. అయస్కాంతం మొహమాటం పోగొట్టడానికి పాతకాలపు చిట్కా ఒకటుంది. గుండుకీ అయస్కాంతానికీ మధ్య ఒక కాగితం అడ్డం పెట్టడం. ఇనుమూ ఇనుమూ నేరుగా తాకకపోతే పట్టు వెంటనే వదులుతుంది. నిన్న పైన కాగితం ఉండి ఉంటే తీసెయ్యడానికి మొహమాటమే లేదు. ఒకటి పాయింట్ సున్నా ఒకటి అంటే గుండు పూర్తిగా అయిదు మీటర్లూ పడిందని అర్థం. కింద ఎవరూ లేరని అర్థం. కాగితం లేకపోతే తోడల్లుడి లెక్కే నిజం.

ఆ మాట పైకే అన్నాడు. తోడల్లుడు తలెత్తి గుండు వైపు చూశాడు. తరవాత నవ్వాడు. ఊహలు కోర్టులో నిలవవన్నాడు.

“ఊహ కాదు. కొలుద్దాం. గుండు ఎప్పుడు కదిలిందో కొలిస్తే తేలిపోతుంది.”

దేనితో కొలవాలన్నది అసలు సమస్య. తోడల్లుడు గోడ మీద కెమెరా చూపించాడు. అది సెకనుకి ముప్పై బొమ్మలు తీస్తుంది. బొమ్మకీ బొమ్మకీ మధ్య ముప్పై మూడు మిల్లీ సెకన్ల చీకటి. నలభైని పట్టుకోవడానికి అది చిల్లు జల్లెడ అన్నాడు డిటెక్టివ్. పోనీ స్టోర్లో శబ్ద తరంగాల సెన్సరుంది కదా అన్నాడతను. ధ్వని అయిదు మీటర్లు పోయి తిరిగి రావడానికే దాదాపు ముప్పై పడుతుంది. మైకు పెడితే మీట చప్పుడు, గొలుసు చప్పుడు, గోడల ప్రతిధ్వని అన్నీ కలిసిపోతాయి. డిటెక్టివ్ తన సంచీలోంచి అగ్గిపెట్టెలంత ఉన్న రెండు జతల పెట్టెలు తీశాడు. కాంతి సెన్సర్లు. ఒక పెట్టె కాంతి గీతని వదులుతుంది, ఎదుటి పెట్టె దాన్ని చూస్తూ ఉంటుంది. గీత తెగినా, కలిసినా సెకనులో పదిలక్షో వంతులో చెప్పేస్తుంది.

నిచ్చెనెక్కి మొదటి జతని గీత గుండు అడుగుకి వెంట్రుకవాసి కిందుగా పోయేలా బిగించాడు. గుండు కదిలితే ముందు తెలిసేది దానికే. రెండోది కింద, దిండుకి జానెడు పైన, స్టాండు మీద పెట్టాడు. మొదటిది అబద్ధం చెబితే రెండోది పట్టిస్తుంది. రెండింటి దీపాలూ ఆపరేటర్ బల్ల మీద పెట్టాడు. గీత సవ్యంగా ఉంటే పచ్చ, తెగితే ఎరుపు.

స్టాండు మరలు ఒక్కొక్కటే బిగించాడు. పదకొండేళ్ళ క్రితం అతను పెట్టమన్నది సరిగ్గా ఇదే. బ్రేకు ఎంత బాగా పడితే గుండు అంత ఆలస్యంగా దిగుతుంది. మీటతో మొదలయ్యే గడియారం అయస్కాంతం చేసే ఆలస్యాన్ని కూడా బ్రేకు గొప్పతనంలో కలిపేస్తుంది. చచ్చు బ్రేకు కూడా నెగ్గేస్తుంది. అదంతా ఒక నోటు రాసి పెద్దాయనకి, అంటే డైరెక్టరుకి, ఇమ్మని తోడల్లుడి చేతికిచ్చాడు. వారం తరవాత తోడల్లుడొచ్చి, పెద్దాయన చూశారు, ఇప్పటికి ఇలాగే కానిమ్మన్నారు, మీరు సంతకం పెట్టెయ్యండి అన్నాడు. మరదలి పెళ్ళయి అప్పటికి మూడు నెలలు. కొత్త తోడల్లుడు. కాదంటే ఇంట్లో మొహాలు ఎలా చూసుకోవాలి? మొహమాటానికి పెట్టేశాడు. నోటు ఇచ్చాను కదా, నా బాధ్యత తీరింది అని ఇన్నేళ్ళూ ఆ మాట తలకింద పెట్టుకునే పడుకున్నాడు. ఇవాళ వస్తూనే పెద్దాయనని అడిగితే, ఏం నోటు, నాకెవరూ ఏ నోటూ ఇవ్వలేదే అన్నాడు.

బయటికొచ్చి తలుపు వేసి మైకులో “ఖాళీ” అన్నాడు. ఆమె గొంతు సన్నగా “ఖాళీ” అంది. గుండు పడింది.

బల్ల దగ్గరికి వెళ్ళేసరికి ఆమె తెర వైపు చూపిస్తోంది. మీట నొక్కిన మూడు మిల్లీ సెకన్లకే పైన గీత తెగింది. నలభై కాదు. మూడు.

“కాగితం పైనే ఉందమ్మా,” అన్నాడు డిటెక్టివ్. “నిన్న గుండు ఉత్త దిండు మీదే పడింది. నువ్వు నొక్కినప్పుడు మీ మామగారు బతికే ఉన్నారు. తరవాత లోపలికి వచ్చినప్పుడు కొక్కెంతో ఎవరో కొట్టారు.”

ఆమె ఏడవలేదు. రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుంది, ఎవరో తెచ్చి ఇచ్చినట్టు.

తోడల్లుడు చప్పట్లు కొట్టినంత పని చేశాడు. అంతా బాగుంది కానీ, అయస్కాంతం మొహమాటం దానంతటదే తగ్గిపోయి ఉండొచ్చుగా అన్నాడు. కాగితం తీసేసి ఇంకోసారి పడేస్తే నలభై వస్తేనే ఒప్పుకుంటానన్నాడు. అడిగిన పద్ధతి న్యాయంగానే ఉంది. డిటెక్టివ్ మళ్ళీ నిచ్చెనెక్కాడు. అయస్కాంతం అడుగున గ్రీజుతో అంటించి, రెండు మడతలు పెట్టిన కాగితం ఉంది. నిన్నటి దెబ్బకీ ఇవాళటి దెబ్బకీ కదలకుండా దాని పని అది చేసుకుంటూ ఉంది. గోటితో ఒలిచి జేబులో వేసుకున్నాడు. కింద తలుపులో నిలబడి తలెత్తి చూస్తున్న తోడల్లుడు ఒక అడుగు వెనక్కి వేశాడు. బల్ల దగ్గరుంటానని వెళ్ళిపోయాడు.

గుండుని గొలుసుతో ఎక్కించి, అయస్కాంతానికి అప్పగించి, గొలుసు తప్పించాడు. ఇందాకటి అదురుకి కింది స్టాండు వంకరపోయింది. దిండు మీద మోకరిల్లి దాన్ని సరిచేసి, గీత కలిసిందా అని పెట్టెలోకి చూశాడు. ఇక ఉండబట్టలేక అక్కడే కాగితం విప్పాడు.

అక్షరాలు తనవే. కుడివైపుకి వాలిన, పదకొండేళ్ళు కుర్రవైన అక్షరాలు. మీటతో గడియారం మొదలుపెట్టడం ప్రమాదం, కాంతి సెన్సరు తప్పనిసరి. కింద ఎర్ర సిరాతో ఇంకో చేతిరాత.

“చూశాను. పెద్దాయనకి చెప్పక్కర్లేదు. సంతకం నేను పెట్టిస్తాను.”

దాని కింద తోడల్లుడి పొడి అక్షరాలు, తేదీ.

ఆయనకీ ఒక మాట చెప్పాలి కదా, బాగుండదు. మేస్త్రి ఫోన్ చేసింది ఎవరికో ఇప్పుడు అర్థమైంది. మొహమాటపడి చెప్పాడు. చెప్పినందుకు పోయాడు.

వెనకాల తలుపు మూసుకుంది.

డిటెక్టివ్ లేవబోయాడు. స్టాండు తీగ మోకాలికి మెలిపడి అతన్ని మళ్ళీ దిండు మీదకే లాగింది. బావిలోంచి మాట బయటికి పోదు. బల్ల దగ్గర మైకు వేసి ఉంటే మాత్రం అక్కడి మాటలు బావి హారన్‌లో వినపడతాయి. వినపడుతున్నాయి. పరుగున వచ్చిన మనిషి ఎగశ్వాస, తరవాత తోడల్లుడి గొంతు.

“ఖాళీ. నొక్కమ్మా.”

“ఆ సారేరండీ?”

“పెద్దాయన గదికి వెళ్ళారు. నువ్వు కానియ్.”

“తలుపు వేసినవాళ్ళే చెప్పాలండీ ఆ మాట.”

“వేసింది నేనే. చెప్తున్నాగా. ఖాళీ.”

పద్ధతి ప్రకారం అంతా సరిగ్గానే ఉంది. హారన్‌లో ఆమె ఊపిరి వినిపించింది. ఇక ఆమె ఒక్క మాట అనాలి. ఈసారి నొక్కితే నిజంగానే ఆమె చేతి మీద ఒక ప్రాణం పోతుంది.

డిటెక్టివ్ అరచెయ్యి చాపి కాంతి గీతకి అడ్డం పెట్టాడు. తీశాడు. పెట్టాడు. తీశాడు. పెట్టి, అలాగే ఉంచేశాడు.

“ఖా...”

మాట ఆగిపోయింది.

“కింది దీపం ఎర్రగా ఉందండీ.”

“వైరు వదులై ఉంటుంది. నొక్కు.”

“వైరు వదులైతే కొట్టుకుంటుందండీ. ఇది ఎవరో చెయ్యి పెట్టి తీసినట్టుంది.” కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు. “నిన్న నేను చూళ్ళేదు. ఇవాళ చూశాను. నేను నొక్కను సార్.”

హారన్‌లో అడుగులు దగ్గరయ్యాయి. డిటెక్టివ్ మోకాలికి చుట్టుకున్న తీగని రెండు చేతులతో లాగుతున్నాడు. తరవాత బల్ల మీద ఏదో పడింది, ఆమె అరిచింది, గాజు పగిలింది.

హారన్లోంచి మీట క్లిక్కు చాలా స్పష్టంగా వినిపించింది.

కాగితం అతని పిడికిట్లో ఉంది. ఇనుముకీ ఇనుముకీ మధ్య ఈసారి ఏమీ లేదు.

అయస్కాంతం మొహమాటపడింది.